పోటీ సరే, సమస్య మన చెరువుది ఇవ్వండి

బడుల్లో రోబోటిక్స్ పోటీలు పెడితే పిల్లలకు ఇంజినీరింగ్ వంటబడుతుందన్న మీ వ్యాసంతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ నెల్లూరు వైపు నేను చూసినవన్నీ దాదాపు రెడీమేడ్ కిట్ల పోటీలే. నల్లగీత వెంట పోయే బండి, ఆన్‌లైన్‌లో దొరికే ప్రోగ్రాం, చివర్లో షీల్డు, ఫొటో. కిట్ కొనగలిగిన బడి గెలుస్తుంది.

విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువులనే పోటీగా ఇవ్వొచ్చు కదా! రాత్రిపూట నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతుకు టెన్షన్. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే? ఆగిన వెంటనే రైతు ఫోన్ మోగించే పరికరాన్ని రెండు వేల లోపు చేయమనండి. బ్యాటరీ, సిమ్ మాడ్యూల్, ఉప్పుగాలికి తట్టుకునే డబ్బా, అన్నీ అందులోనే నేర్చుకుంటారు. (ఆక్సిజన్ సెన్సార్ జోలికి పోవద్దు, ఖరీదెక్కువ. మోటారుకు కరెంటు అందుతోందో లేదో చూస్తే చాలు.)

మొదటి ఏడు ఎవరూ గెలవకపోయినా కంగారు పడక్కర్లేదు. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఎడారిలో డ్రైవర్ లేని వాహనాలకు పోటీ పెడితే, అన్నిటికంటే ముందుకెళ్లినది కూడా 12 కిలోమీటర్లలోపే ఆగిపోయింది. 2005లో ఐదు వాహనాలు 212 కిలోమీటర్లు పూర్తిచేశాయి. మన దగ్గర ఓడిన జట్టు బొమ్మను అదే సాయంత్రం విప్పేసి బీరువాలో పెడతారు. ఎక్కడ చెడిందో, ఎలా సరిచేశారో రాసుకున్న నోట్‌బుక్‌కు సగం మార్కులు పెట్టండి. జడ్జీల్లో ఒక చెరువు రైతునూ కూర్చోబెట్టండి.