భూకంపం గురించి చెప్పే ఉపాధ్యాయుడికి ముందు భూకంప నమోదు చూపాలి

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లా అడవుల అడుగున పుట్టిన 5.3 పరిమాణపు భూకంపం హైదరాబాద్ మొదలు విజయవాడ వరకూ జనాన్ని ఇళ్లలోంచి బయటికి రప్పించింది. కాసేపటికే బడులు తెరుచుకున్నాయి. భూమి ఎందుకు ఊగింది, మళ్లీ ఊగుతుందా, ముందుగా ఎవరూ ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్నలు ఆ రోజు పిల్లలకు సహజంగానే వస్తాయి. వాటికి నిబ్బరంగా జవాబు చెప్పగల శక్తిని మన ఉపాధ్యాయ శిక్షణ ఇవ్వడం లేదు. ఇది ఉపాధ్యాయుల లోపం కాదు, శిక్షణను రూపొందించేవారి లోపం.

ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఉపాధ్యాయుల కోసం నడిచే నిష్ఠ శిక్షణ కోర్సులు, పాఠాలు అందించే దీక్ష యాప్, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే వీటిలో భూకంపం ప్రస్తావన వచ్చినా అది సాధారణంగా విపత్తు నిర్వహణ అనే శీర్షిక కిందే వస్తుంది. బల్ల కిందకు వెళ్లాలి, తల కాపాడుకోవాలి, లిఫ్టు ఎక్కకూడదు అన్న సూచనలతో ఆ విషయం ముగిసిపోతుంది. ఆ సూచనలు అవసరమైనవే, కానీ కారణం తెలియని సూచన పరీక్ష అయ్యేవరకే గుర్తుంటుంది.

భూకంప శాస్త్రంలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. దాని మూల సూత్రాన్ని తొమ్మిదో తరగతి విద్యార్థి వృత్తలేఖిని, స్కేలు, పటంతోనే సొంతంగా నిరూపించుకోగలడు. భూమి పైపొరలో ప్రాథమిక తరంగాలు సెకనుకు దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో, ద్వితీయ తరంగాలు దాదాపు 3.5 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. రెండూ ఒకేసారి బయలుదేరినా ఎంత దూరం పోతే వాటి మధ్య ఎడం అంత పెరుగుతుంది. నమోదు కాగితం మీద ఆ ఎడాన్ని సెకన్లలో కొలిచి ఎనిమిదితో హెచ్చిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ములుగు భూకంపానికి హైదరాబాద్‌లో ఆ ఎడం దాదాపు 25 సెకన్లు ఉండాలి, అంటే రెండు వందల కిలోమీటర్లు. ఇలాగే మూడు నమోదు కేంద్రాల నుంచి ఆ దూరాలే వ్యాసార్ధాలుగా మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోట అధికేంద్రం, అంటే భూకంపం పుట్టిన చోటుకి సరిగ్గా పైన నేల మీద ఉండే బిందువు, దొరుకుతుంది. ఆ చుక్కను తన పెన్సిలుతో తానే పెట్టిన విద్యార్థికి శాస్త్రజ్ఞులు భూమి లోపలి సంగతులు ఎలా కనిపెడతారో ఇక వేరే వివరించనక్కర్లేదు. ఆ పనిని ముందుగా ఉపాధ్యాయుడి చేత చేయించడమే శిక్షణ. పవర్‌పాయింట్‌లో బాణం గుర్తులు చూపించడం శిక్షణ కాదు.

ఇలా నేర్చుకున్న ఉపాధ్యాయుడు అంకెలను కూడా భయం పుట్టించకుండా, తేలిక చేయకుండా వివరించగలుగుతాడు. ములుగు భూకంపం 5.3, 2001 నాటి గుజరాత్‌లోని భుజ్ భూకంపం 7.7. ఈ రెండంకెల మధ్య తేడా 2.4 మాత్రమే. అయినా విడుదలైన శక్తిలో తేడా సుమారు 4,000 రెట్లు. ఇది లాగరిథమ్ పాఠం కూడా. గణితం చెప్పేవారూ భౌతికశాస్త్రం చెప్పేవారూ సాంఘికశాస్త్రం చెప్పేవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని శిక్షణ పొందదగిన అంశం ఇంతకన్నా మరొకటి నాకు తోచదు.

మన ప్రాంతంలో పెద్ద భూకంపాలు అరుదు కదా, తుపానులు, వరదలు, వడగాడ్పులను వదిలి దీనికి సమయం ఎందుకు అనేవారున్నారు. ఉపాధ్యాయులపై ఇప్పటికే బోలెడు భారం ఉందన్నది కూడా నిజమే. కానీ అరుదు అనుకోవడం వల్లే మనం ఏమరుపాటుగా ఉన్నాం. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలు ఐదుకు మించిన పరిమాణంతో కంపించాయి. దక్కను పీఠభూమి చలించదన్న నమ్మకాన్ని 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంపం వమ్ము చేసింది. ఆ ఊరు దేశాన్ని భూకంప ప్రమాద మండలాలుగా విభజించిన అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో మండలంలో ఉండేది. దాదాపు పదివేల మంది చనిపోయారు, 2002 సవరణలో ఆ మండలాన్నే పటం నుంచి తీసేశారు. ఈ కథ చెప్పకుండా పసిఫిక్ మహాసముద్రం చుట్టూ భూకంపాలు ఎక్కువగా వచ్చే అగ్నివలయం గురించి మాత్రమే చెప్పే పాఠం మన పిల్లలకు భూకంపాన్ని పరాయి దేశపు సంగతిగా మిగుల్చుతుంది.

నేపాల్ మనకన్నా పేద దేశం. 2015 ఏప్రిల్ 25న 7.8 పరిమాణపు భూకంపం అక్కడ దాదాపు తొమ్మిది వేల మందిని బలిగొంది. వేలాది తరగతి గదులు కూలాయి. ఆ రోజు వారాంతపు సెలవైన శనివారం కావడం వల్లే అసంఖ్యాకంగా పిల్లలు బతికారు. ఆ తరువాత అక్కడి పరిశోధకులు స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయంతో కలిసి పశ్చిమ నేపాల్‌లోని 20కి పైగా పాఠశాలల్లో చవకైన భూకంప నమోదు పరికరాలు అమర్చారు. వాటితోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు. తమ బడిలోనే నమోదైన ప్రకంపనను చూసిన పిల్లలు ఆ సంగతిని ఇంటికి మోసుకెళ్లారు, పెద్దలకు చెప్పారు. హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం కూడా 2007 నుంచి ఇక్కడే పనిచేస్తోంది. ఇంతటి విజ్ఞానం ఉన్న నగరానికి కూతవేటు దూరంలోని ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు ఒక్క సీస్మోగ్రామ్ (భూకంప నమోదు) కూడా చూడకుండా పదవీ విరమణ చేయగలగడం నాకు బాధ కలిగిస్తుంది.

మరో ముఖ్య విషయం భవనాలు. భుజ్ భూకంపం వచ్చిన రోజు గణతంత్ర దినోత్సవం. అంజార్ పట్టణంలో ఊరేగింపుగా వెళుతున్న 185 మంది విద్యార్థులూ 20 మంది ఉపాధ్యాయులూ కూలిన కట్టడాల కింద ప్రాణాలు విడిచారు. ప్రాణాలు తీసేది ప్రధానంగా కట్టడమేనని దీనికన్నా బలంగా చెప్పే ఉదంతం లేదు. కాబట్టి శిక్షణలో ఒక పూట ఉపాధ్యాయులు తమ బడి ఆవరణలోనే తిరగాలి. బీరువా గోడకు బిగించి ఉందా, పిట్టగోడ బీటలు వారిందా, మెట్ల దగ్గర ఏమైనా అడ్డుగా ఉందా అని చూసి రాసుకోవాలి. తరువాత అదే పని పిల్లల చేత చేయించాలి.

ఇక్కడ అసలు రోగం గురించి చెప్పక తప్పదు. రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్నది జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి బడికి దిగేసరికి శిక్షణలో సంతకాలు, ధ్రువపత్రాలు తప్ప ఏమీ మిగలదు. మన వ్యవస్థ ఉపాధ్యాయుడిని సమాచారం చేరవేసే మనిషిగానే చూస్తోంది, ఆలోచించి తేల్చుకునే మనిషిగా చూడడం లేదు. తానే కొలిచి, తానే తప్పును సరిదిద్దుకుని, తానే నిర్ధారించుకున్న ఉపాధ్యాయుడే ఫలానా తేదీన భూకంపం వస్తుందని వాట్సాప్‌లో తిరిగే వదంతిని తరగతిలో ధైర్యంగా కొట్టిపారేయగలడు. భూకంపాన్ని ముందుగా చెప్పే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదని, సునామీ అలలు తీరం చేరడానికి సమయం పడుతుంది కనుకే ఆ హెచ్చరిక సాధ్యమని అతడు విడమరచి చెప్పగలడు.

ఇందుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ములుగు భూకంపాన్ని మూడు నాలుగు కేంద్రాలు నమోదు చేసిన తీరును తెలుగు వివరణతో ముద్రించి, రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన శిక్షణ మండళ్లూ వచ్చే వేసవి శిక్షణలో ప్రతి సైన్స్ ఉపాధ్యాయుడి చేతిలో పెట్టాలి. ప్రతి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో కనీసం ఒక భూకంప నమోదు పరికరం ఉండాలి, దాని నమోదులు ఆ జిల్లా బడులన్నిటికీ అందాలి. ఉప్పల్‌లోని భూభౌతిక సంస్థ శాస్త్రవేత్తలు ఏటా కొద్ది రోజులు ఆ శిక్షణ తరగతుల్లో స్వయంగా కూర్చోవాలి.