పుట్టిన ఏడు కాదు, ఊరు విడిచిన ఏడు

మా తాతగారి ఇనప్పెట్టెలో పాత పహాణీ (ఊరి భూముల లెక్క) నకళ్ల కట్ట ఒకటి ఉండేది. మడతల దగ్గర కాగితం చిరిగి, సిరా వెలిసిపోయింది గానీ పైన ‘ఫసలీ’ అన్న మాట, దాని పక్కన నాలుగంకెల సంఖ్య మాత్రం స్పష్టంగా కనిపించేవి. చిన్నప్పుడు అది సర్వే నంబరు లాంటిదేదో అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అది సంవత్సరమని. మన రెవెన్యూ ఏడాది జులై 1న మొదలవుతుంది. ఆ రోజున క్రీస్తుశకంలోంచి 590 తీసేస్తే ఫసలీ. ఈ సంగతి రెవెన్యూలో పనిచేసినవాళ్లు ఎవరైనా చెబుతారు. ఆ 590 ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. ఆ తీగ పట్టుకు లాగితే డొంక ఏడో శతాబ్దపు మదీనాలో కదులుతుంది.

ముహమ్మద్ ప్రవక్త చనిపోయిన ఐదారేళ్లకు, ఖలీఫాగా, అంటే ఆయన తర్వాతి పాలకుడిగా ఉన్న ఉమర్ ముందుకు ఓ అప్పుపత్రం వచ్చిందని సంప్రదాయ కథనం. బాకీ షాబాన్ నెలలో తీర్చాలని అందులో ఉంది. ‘ఏ షాబాన్? ఇప్పటిదా, వచ్చే ఏడాదిదా?’ అని ఆయన అడిగారట. మీ ఉత్తరాల మీద తేదీ ఉండటం లేదు, ఏది ముందుదో ఏది తర్వాతదో తేలడం లేదని గవర్నరు అబూ మూసా కూడా మొరపెట్టుకున్నారు. అప్పటిదాకా అరబ్బులకు వరుసగా సాగే సంవత్సర సంఖ్య లేదు. పెద్ద సంఘటన పేరుతో ఏడాదిని గుర్తుపెట్టుకునేవాళ్లు. ప్రవక్త పుట్టింది ‘ఏనుగు ఏట’ అంటారు, ఏనుగుతో మక్కా మీదికి దండయాత్ర వచ్చిన ఏడాదన్నమాట. కృష్ణా జిల్లా పెద్దవాళ్లు ఇప్పటికీ ‘దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు’ అంటారు చూడండి, అలా. ఊళ్లో మాటలకు అది సరిపోతుంది. సిరియా, ఇరాక్, ఈజిప్టుల దాకా పెరుగుతున్న రాజ్యానికి ఎలా సరిపోతుంది?

ఉమర్ ప్రవక్త సహచరుల్ని పిలిచి కూర్చోబెట్టారు. పర్షియా లెక్క వాడదామన్నారు కొందరు, రోము లెక్క అన్నారు కొందరు. ప్రవక్త పుట్టుక నుంచి మొదలుపెడదామా? తొలి దైవవాణి అందిన నాటి నుంచా? మరణం నుంచా? చివరికి ప్రవక్త అల్లుడు అలీ సూచన నిలిచింది: ప్రవక్త మక్కా విడిచి వెళ్లిన ఏడాది నుంచి. ఏడాదికి మొదటి నెలగా మొహర్రం ఉండాలన్న మాట మరో సహచరుడు ఉస్మాన్‌దని చెబుతారు. ఇది 638 ప్రాంతం సంగతి. లెక్క వెనక్కి నడిచి క్రీ.శ. 622 జులై దగ్గర ఆగింది. అదే హిజ్రీ శకం.

ఇస్లాం తొలి రోజుల్ని అర్థం చేసుకోవడానికి యుద్ధాల జాబితా కంటే ఈ ఒక్క నిర్ణయం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. క్రైస్తవుల లెక్క ఏసు పుట్టుక దగ్గర మొదలవుతుంది, బౌద్ధులది నిర్వాణం దగ్గర. మన శాలివాహన శకానికి రాజు పేరుంది. ఇక్కడేమో ఓ మనిషి ప్రాణభయంతో రాత్రికి రాత్రి ఊరు దాటిన ఏడాదిని ఎంచుకున్నారు. గొప్పగా చెప్పుకోవడానికి మక్కావాళ్ల మీద బద్ర్ యుద్ధంలో విజయం ఉంది, 630లో మక్కాలో అడుగుపెట్టిన రోజూ ఉంది. వాటిని పక్కన పెట్టారు.

ఎందుకని? దానికి మక్కాకు వెళ్లాలి. ముహమ్మద్ పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్లకు తల్లి ఆమినా, తర్వాత తాత పోయారు. తండ్రి సోదరుడు అబూ తాలిబ్ పెంచారు. ఖదీజా అనే వితంతువు సొంతంగా వ్యాపారం నడిపేవారు. ఆమె సరుకు తీసుకుని సిరియా వెళ్లొచ్చాక, ఆయనకు ఇరవై అయిదేళ్లప్పుడు, ఇద్దరికీ పెళ్లయింది. 610లో హిరా గుహలో ‘చదువు’ అన్న మాట విని వణికిపోతూ ఇంటికొచ్చి దుప్పటి కప్పమన్నారు. మొదట నమ్మింది ఖదీజానే. ఆ మతంలో తొలి విశ్వాసి ఒక స్త్రీ.

ఆయన చెప్పింది మక్కావాళ్లకు పూర్తిగా కొత్తదేం కాదు. అల్లాహ్ అన్న పేరు వాళ్లకు తెలుసు. ఆ దేవుడి పక్కన ఇంకెవరూ లేరనడం దగ్గరే తగువు. కాబా చుట్టూ 360 విగ్రహాలుండేవని కథనం. ఒక్కో తెగకు ఒక్కో దేవత, ఆ దేవతల కోసం యాత్రికులు, యాత్రికులతో సంత, ఆ సంతంతా మక్కాను ఏలే ఖురైషు తెగ చేతిలో. కాబట్టి ‘తౌహీద్’, అంటే దేవుడొక్కడే అన్న మాట, వాళ్లకు వేదాంతంలా వినిపించలేదు, పొట్టమీద కొట్టినట్టు వినిపించింది. దానికితోడు ఇంకో మాట: చచ్చాక లేపుతారు, లెక్క అడుగుతారు. ఖురాన్ తొలినాటి సూరాల్లో (అధ్యాయాల్లో) అనాథను తోసేసేవాడి మీద, తూకంలో మోసం చేసేవాడి మీద ఉన్న కోపం చూస్తే అవి వ్యాపారుల ఊళ్లో పుట్టిన మాటలని ఇట్టే తెలుస్తుంది.

బిలాల్ సంగతి చూడండి. అబిసీనియా (నేటి ఇథియోపియా) మూలాలున్న బానిస. యజమాని ఉమయ్యా మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో పడుకోబెట్టి, ఛాతీ మీద బండరాయి పెట్టించేవాడు. పాత దేవతల పేర్లు చెబితే వదిలేస్తానన్నాడు. బిలాల్ నోట ఒకటే మాట, ‘అహద్, అహద్’. ఒక్కడే, ఒక్కడే. ప్రవక్త మిత్రుడు అబూబక్ర్ ఆయన్ని కొని విడిపించారు. తర్వాత మదీనాలో తొలి అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చిన గొంతు ఆ బిలాల్‌దే. తౌహీద్ అంటే ఏమిటో వంద పేజీల వివరణ కంటే ఆ రెండు మాటలు బాగా చెబుతాయి. పైన యజమాని ఒక్కడే అయితే కింద యజమాని హక్కు అరిగిపోతుంది. బానిసత్వాన్ని ఇస్లాం పూర్తిగా రద్దు చేయలేదు, విడిపించడం పుణ్యమంది. ఆ తేడా కూడా మర్చిపోకూడదు.

615లో కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియాలోని క్రైస్తవ రాజు దగ్గర తలదాచుకున్నారు. 619లో ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ పోయారు. అండ పోయింది. 622లో యస్రిబ్ (తర్వాత మదీనా అన్నది ఈ ఊరినే) వాళ్లు వచ్చి మాటిచ్చాక అనుచరులు ఒక్కొక్కరే జారుకున్నారు.

చివరి రాత్రి గురించి చిన్న వివరం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఆయన్ని చంపాలనుకున్న ఊరివాళ్లే తమ విలువైన వస్తువుల్ని ఆయన దగ్గర దాచుకునేవాళ్లు, నమ్మకస్తుడని. అందుకే అలీని వెనక ఉంచారు. తన పక్క మీద పడుకోమని, తెల్లారాక ఎవరి సొమ్ము వాళ్లకు అప్పగించి రమ్మని. యస్రిబ్ ఉత్తరాన ఉంటే ఆయన, అబూబక్ర్ దక్షిణానికి నడిచి సౌర్ గుహలో మూడు రోజులు దాక్కున్నారు. తర్వాత దారి చూపించిన మనిషి ఇస్లాం తీసుకున్నవాడు కూడా కాదు, కూలికి పెట్టుకున్న మార్గదర్శి. హిజ్రత్, అంటే వలస, ఇదీ. హిజ్రీ అన్న పేరు దీన్నుంచే.

అరబ్బుల లోకంలో సొంత తెగను వదలడం ఎంత పెద్ద పనో మనం ఊహించడం కష్టం. కోర్టు, పోలీసు, బీమా అన్నీ తెగే. తెగ లేనివాణ్ణి చంపినా అడిగే దిక్కుండదు. అక్కణ్నుంచి వచ్చినవాళ్లను, అంటే ముహాజిర్లను, మదీనావాళ్లతో, అంటే అన్సార్లతో, ఒక్కొక్కరిగా అన్నదమ్ముల్ని చేశారు. సాద్ అనే మదీనా ఆసామి తన ఆస్తిలో సగం తీసుకోమన్నాడు అబ్దుర్ రహ్మాన్‌ని. ‘వద్దు, నీ సొమ్ము నీకే ఉండనీ, బజారెక్కడో చూపించు చాలు’ అన్నాడాయన. వెన్న, జున్ను అమ్మి నిలదొక్కుకున్నాడు. మక్కా వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆ ఊళ్లో కుదిరిన ఒడంబడికలో యూదు తెగలకూ చోటుంది, వాళ్ల మతం వాళ్లది, ముస్లింల మతం ముస్లింలది అని. రక్తసంబంధం స్థానంలో ఒప్పందం వచ్చింది. ‘ఉమ్మా’, అంటే సమాజం, అన్న మాటకు అర్థం ఇక్కడ పుట్టింది. అయితే కథ ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ ఒప్పందం ఐదేళ్లు కూడా సరిగ్గా నిలవలేదు. మక్కాతో యుద్ధాల మధ్య రెండు యూదు తెగల్ని ఊరి నుంచి పంపేశారు. కందక యుద్ధం తర్వాత, 627లో, ద్రోహం చేశారన్న ఆరోపణ మీద మూడో తెగ మగవాళ్లను చంపేశారు. మరోవైపు, కత్తి ఒక్కటే కనబడేవాళ్లు ఆ ముందు పదమూడేళ్లు దెబ్బలు తిన్న కాలాన్ని మింగేస్తారు. హిజ్రత్‌లో రెండూ ఉన్నాయి. ఒక చివర శరణార్థి, రెండో చివర రాజ్యం. లెక్కను అక్కడ మొదలుపెట్టినవాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

పుట్టినరోజును ఎందుకు ఎంచుకోలేదన్న దానికి జవాబు 632 జూన్‌లో దొరుకుతుంది. ప్రవక్త పోయారన్న వార్త ఉమర్ నమ్మలేకపోయారు, పోయారన్నవాళ్ల మీద మండిపడ్డారు. అబూబక్ర్ వచ్చి అన్నారు: ‘ముహమ్మద్‌ను పూజించేవాళ్లెవరైనా ఉంటే, ముహమ్మద్ చనిపోయారు. దేవుణ్ణి పూజించేవాళ్లకు, దేవుడు సజీవుడు, ఆయనకు చావు లేదు.’ శోకంలో ఉన్న జనం ముందు అంత కటువైన మాట అనడానికి గుండె కావాలి. ముస్లింల విశ్వాస ప్రకటన అయిన కలిమాలో రెండో సగం ముహమ్మద్‌ను దూత అంటుంది, అంతే. ఇబ్రహీం (అబ్రహాం), మూసా (మోషే), ఈసా (ఏసు) వరుసలో చివరివాడు. దూత పుట్టిన రోజుతో కాలాన్ని మొదలుపెడితే మెల్లగా దూత దేవుడైపోతాడన్న జంకు ఆ సమావేశంలో ఉండే ఉంటుందని నేననుకుంటున్నాను. మీలాద్, అంటే ప్రవక్త పుట్టినరోజు, జరపొచ్చా లేదా అన్న వాదన ముస్లింలలో ఇప్పటికీ నడుస్తోంది మరి.

ఇక నెలల సంగతి. మన పంచాంగమూ చంద్రుణ్ణి బట్టే నడుస్తుంది. కానీ మూడేళ్లకోసారి అధిక మాసం వేసి సూర్యుడితో రాజీ పడతాం. ఇస్లాంకు ముందు అరబ్బుల్లోనూ ‘నసీ’ అని ఒక ఆచారం ఉండేది, నెలల్ని వెనక్కి జరపడమో, అదనంగా చేర్చడమో. యుద్ధం నిషిద్ధమైన నెలను ఈ ఏడు పక్కకు జరిపామని ప్రకటించే అధికారం ఒక కుటుంబానిది. ఖురాన్ తొమ్మిదో సూరా దాన్ని నిషేధించింది. నెలలు పన్నెండే, అంతే. కాలాన్ని జరిపే పెత్తనం పోయింది. ఎవరైనా ఇంటి మిద్దెక్కి నెలవంక చూసుకోవచ్చు. దాని ఖరీదు మాత్రం, ఏడాదికి 354 రోజులే. సుమారు 33 ఏళ్లలో రంజాన్ ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ చుట్టి వస్తుంది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు రంజాన్లు. ఇస్లాం ఐదు మూలస్తంభాల్లో నమాజు ఒక్కటే సూర్యుణ్ణి బట్టి రోజుకు ఐదుసార్లు. ఉపవాసం, హజ్ చంద్రుణ్ణి బట్టి. జకాత్ కూడా అంతే. పాత తూకంలో ఏడున్నర తులాల బంగారానికి సరిపడా సంపద ఓ చాంద్ర సంవత్సరం నిలిస్తే రెండున్నర శాతం తీసి పేదలకివ్వాలి. అంటే మన 33 ఏళ్లలో 34 సార్లు. పేదవాడికి ఒక విడత లాభం!

రైతుకు మాత్రం ఈ లెక్క కుదరదు. రబీ అంటే అరబ్బీలో వసంతం, ఖరీఫ్ అంటే శరదృతువు. మనం పంటలకు ఆ పేర్లే వాడతాం. కానీ హిజ్రీ పంచాంగంలో రబీ నెల వసంతంలో నిలవదు, జారుతుంది. పంట చేతికి రాకముందే శిస్తు అడిగే హిజ్రీ ఏడాదితో మొఘలులు ఇబ్బందిపడ్డారు. అక్బర్ హిజ్రీ సంఖ్యను అలాగే తీసుకుని అక్కణ్నుంచి సూర్యుడితో నడిపించారు, అదే ఫసలీ. ఫసల్ అంటే పంట. షాజహాన్ కాలంలో అది దక్కన్‌కు వచ్చింది. అప్పటికి క్రీస్తుశకం 1636, హిజ్రీ 1046. తీసివేసి చూడండి, 590. 2023 జులై ఒకటిన ఫసలీ 1433 వచ్చింది. మూడో వారంలో మనకు అధిక శ్రావణం, ముస్లింలకు హిజ్రీ 1445 వచ్చాయి. ఫసలీకి, హిజ్రీకి మధ్య ఉన్న పన్నెండేళ్ల తేడా అంతా చంద్రుడు ఏడాదికి పదకొండు రోజుల చొప్పున దాటేసిన దూరమే.

ఈ కథనాలు చాలావరకు రాతలోకి వచ్చింది శతాబ్దం పైబడ్డాకే, కాబట్టి అప్పుపత్రం కథను అక్షరాలా నమ్మాలని నేననను. కానీ వియన్నాలో ఓ పపైరస్ కాగితం ఉంది. ఈజిప్టులో అరబ్ సైన్యం 65 గొర్రెలు తీసుకున్నట్టు ఇచ్చిన రశీదు, గ్రీకులో, అరబ్బీలో. దాని మీద తేదీ ఉంది: ఇరవై రెండో ఏడు. అంటే 643. ఉమర్ ఇంకా బతికే ఉన్నారు. రెవెన్యూ కాగితం కోసమే ఈ లెక్క పుట్టిందనడానికి ఇంతకంటే ఏం కావాలి? గొర్రెల రశీదుకూ మా తాతగారి పహాణీకీ చుట్టరికం ఉందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు లెండి.

ఆ సమావేశంలో కూర్చున్న ముగ్గురు, ఉమర్, ఉస్మాన్, అలీ, ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు హత్యకు గురయ్యారు. లెక్క 61వ ఏటికి వచ్చేసరికి, ఉస్మాన్ సూచించిన మొదటి నెల పదో రోజున, కర్బలాలో అలీ కొడుకు హుసేన్‌ను చంపింది ఉస్మాన్ వంశపు యజీద్ సైన్యం. అందుకే చాలామంది ముస్లింలకు కొత్త ఏడాది శుభాకాంక్షలతో మొదలవదు. మన ఊళ్లలో ఆ పది రోజులే పీర్ల పండుగ. అలావ అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లలో, పీర్లకు మొక్కేవాళ్లలో చాలామంది హిందువులు. ఈసారి ఎప్పుడని మా ఊరి పీర్ల చావిడి దగ్గర అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: “పోయినేటికంటే ఓ పది పదకొండు రోజులు ముందే వస్తది, నెలపొడుపు కనపడనీ, చెప్తాం.”