వెలాస్కెజ్ వెలుగు ఎవరి పక్షం?

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1618లో సెవిల్ నగరంలో గీసిన ‘గుడ్లు వేయిస్తున్న వృద్ధురాలు’ గురించి రాసేవారు చాలామంది, ఇరవై ఏళ్లు నిండని ఆ యువకుడి చేతినేర్పును మెచ్చుకొని అక్కడితో ఆగిపోతారు. నా దృష్టిలో అది చిత్రాన్ని సగమే చూడటం. అందులోని వెలుగునీడల పంపకం, ఎవరు చూడదగిన మనుషులన్న విషయంలో చిత్రకారుడు ఇచ్చిన తీర్పు.

ఎడమవైపు నుంచి పడే గట్టి వెలుగు వృద్ధురాలి తెల్లటి తలముసుగు మీద, గరిటె పట్టిన చేతి మీద, మట్టిపాత్రలో అప్పుడప్పుడే తెల్లబడుతున్న గుడ్ల మీద నిలుస్తుంది. తెల్లగిన్నెలో ఉంచిన కత్తి నీడ సైతం గిన్నె లోతును అనుసరించి వంపు తిరుగుతుంది. వెనక గోడ దాదాపు చీకట్లో కలిసిపోవడంతో మన చూపు పనిచేసే చేతులను దాటి ఎక్కడికీ పోలేదు. 1623లో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కొలువులో చేరాక రాజు ముఖం మీద చూపిన శ్రద్ధను, అంతకు అయిదేళ్ల ముందే ఈ ముసలామె ముఖం మీద చూపాడు.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో ప్రభావంతో అప్పటికే వ్యాపిస్తున్న గాఢమైన వెలుగునీడల శైలిలో సామాజిక దృష్టిని వెతకడం, నేటి ఆలోచనను నాటి చిత్రానికి అంటగట్టడమేనని కొందరంటారు. శైలి అరువుదే కావచ్చు. కానీ 1633లో స్పెయిన్ కొలువు చిత్రకారుడు, కళాసిద్ధాంతకర్త విసెంతె కార్దుచో ఇటువంటి వంటింటి చిత్రాలను నీచమైన ఆలోచనలని తెగనాడాడంటే, వెలుగు ఎవరి మీద పడుతోందో ఆ కాలంవారికీ బాగానే తెలుసు.

ఈనాటి ఆహార ప్రకటనల్లో నీడలన్నీ తుడిచేసిన వెలుగులో పళ్లెం ఒక్కటే మెరుస్తుంది. వండిన చెయ్యి కనిపించదు. ఈ అలవాటు మన కళ్లను పాడుచేసిందని నా గట్టి నమ్మకం.

డబ్లిన్‌లోని ఐర్లండ్ జాతీయ చిత్రశాలలో వెలాస్కెజ్‌దే మరో చిత్రం ఉంది. ఆఫ్రికా మూలాలున్న పనిమనిషి బల్లమీదికి వంగి ఉంటుంది. ముఖం సగం నీడలో ఉన్నా, వెలుగంతా ఆమె తలగుడ్డకూ ముందున్న గిన్నెలకూ దక్కింది. 1933లో శుభ్రం చేసినప్పుడు, పైపూత కింద దాగిన క్రీస్తు ఎమ్మావుస్ విందు (పునరుత్థానం తర్వాత ఆయన శిష్యులతో కలిసి భోజనానికి కూర్చున్న బైబిల్ ఘట్టం) ఒక మూల చిన్న చదరంలో బయటపడింది. చికాగోలో ఉన్న ఇదే తరహా చిత్రంలో ఆ ఘట్టం ఊసే లేదు. దైవకథ కనబడనప్పుడు కూడా చిత్రానికి వెలితి రాలేదంటే, దాని బరువును మొదటి నుంచీ మోస్తున్నది ఆ పనిమనిషే.