16 నిమిషాల బొమ్మగారికి

ఫోన్ మ్యాపులో కారు బొమ్మకీ బస్సు బొమ్మకీ పక్కన, ఒక కాలు ముందుకేసి ఎప్పుడు చూసినా బయల్దేరబోతున్నట్టే ఉండే నడిచే బొమ్మగారికి,

నమస్కారాలు. తమరు క్షేమంగానే ఉంటారు. మోకాళ్లు లేనివాళ్ల క్షేమానికి ఏం లోటు? ఇక్కడ మా అమ్మ మాత్రం కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంది. ఇల్లంతా నొప్పుల ఆయింట్‌మెంట్ వాసన. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి, ఆ వాసనలోనే కూర్చుని మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న శనివారం సంగతి మీకు గుర్తుండకపోవచ్చు. రోజుకి ఎంతమందిని నడిపిస్తారో, పాపం. నేనే గుర్తు చేస్తాను. హైదరాబాద్, సాలార్‌జంగ్ మ్యూజియం గేటు బయట, పదకొండుంబావు. నా పక్కన మా అమ్మ. 71 ఏళ్లు. చేతిలో సంచి, అందులో నీళ్ల సీసా, బీపీ మాత్రలు, తెనాలి నుంచి మోసుకొచ్చిన జంతికల పొట్లం. చార్మినార్ ఎంత దూరమని మిమ్మల్ని అడిగాను. మీరు తడుముకోలేదు. నీలం చుక్కలు బారుగా పరిచేసి ఒకటింపావు కిలోమీటరు, 16 నిమిషాలు అన్నారు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: దారి దాదాపు చదునుగా ఉంటుందట.

చదును సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

గేటు ముందున్న ఆటో అతను నూటయాభై అడిగాడు. నేను ఎక్కుదామనే అన్నాను. మా అమ్మే, "16 నిమిషాలేగా అన్నావు, దానికి నూటయాభై ఎందుకే దండగ, పద" అంది. గమనించారా? మీ అంకె అక్కడ పనిచేసింది. పొదుపూ పౌరుషమూ రెండూ ఉన్న మనిషి చెవిన అలాంటి అంకె పడకూడదు. అరగంట అని చెప్పి ఉంటే నోరు మూసుకుని ఆటో ఎక్కేది.

ఆ 16 నిమిషాలు మాకు గంటా పది నిమిషాలయ్యాయి.

నిజానికి తప్పు నాదే అనేవాళ్లూ ఉంటారు. మూడు వారాల నుంచి ప్లాన్ వేసింది నేనే. లోయర్ బెర్తులు, గదిలో వెస్ట్రన్ టాయిలెట్, రాత్రికి కారం లేని భోజనం దొరికే చోటు, అన్నీ ఎక్సెల్‌లో గళ్లు గీసి రాసుకున్నాను. సాలార్‌జంగ్‌కీ చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారం సెలవని చూసుకుని శని, ఆదివారాలు ఖాయం చేశాను. చివరి గడిలో మాత్రం మీరు చెప్పిన నిమిషాలన్నీ వేసి కూడాను. రెండు రోజులకీ కలిపి 41 వచ్చింది. నలభై ఒక్క నిమిషాల నడకే కదా, అమ్మ తెనాలిలో రోజూ అంతకంటే ఎక్కువే తిరుగుతుంది అనుకున్నాను. ఆ ఎక్సెల్ షీటు ఇంకా డిలీట్ చేయలేదు. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటే బుద్ధొస్తుందని.

మీ ఒక్కరినే అనడం కూడా న్యాయం కాదు. 'లిఫ్ట్ సౌకర్యం కలదు' అన్న హోటల్లో లిఫ్ట్ నిజంగానే ఉంది. దాన్ని చేరుకోవడానికి తొమ్మిది మెట్లు ఎక్కాలి, అంతే. క్యాబ్ డ్రైవర్ రోడ్డుకి అవతల ఆగి, మధ్యలో డివైడర్ పెట్టుకుని, "లొకేషన్‌లోనే ఉన్నా మేడం, మీరే లేరు" అన్నాడు. టిఫిన్ హోటల్లో కూర్చునే చోటే లేదు, ఇడ్లీ కూడా నిలబడే తినాలి. ఇవన్నీ మర్చిపోగలను. మిమ్మల్ని మర్చిపోలేను.

మీ లెక్క వెనక్కి కట్టి చూశాను. నిమిషానికి 78 మీటర్లు. అంటే గంటకి ఐదు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఆ వేగంతో పోవాలంటే ఎక్కడా ఆగకూడదు. ఎదురొచ్చేవాళ్లకి దారి ఇవ్వకూడదు. చెంగు సర్దుకోకూడదు. చెప్పులో రాయి పడకూడదు. ఎవరినీ ఏదీ ధర అడగకూడదు. మా అమ్మ ధర అడగకుండా ఒక వీధి దాటిన దాఖలా నాకు పుట్టి బుద్ధెరిగాక లేదు.

ఇక చదును. మ్యూజియం నుంచి మదీనా చౌరస్తా దాకా ఫుట్‌పాత్ ఉన్న చోట అది అడుగు పైనే ఎత్తుంది. ఎక్కాలంటే అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి తన మోకాలి మీద వేసి, "ఊఁ" అని ఒక నిట్టూర్పు విడవాలి. ఎక్కిన పది అడుగులకి బైకుల వరస. దిగాలి. దిగడం ఎక్కడంకంటే కష్టమని మీకెవరూ చెప్పి ఉండరు. మళ్లీ ఎక్కాలి, ఈసారి ఇసక కుప్ప. మళ్లీ దిగాలి. నీలం చుక్కల్లో ఇవేవీ లేవు. పై నుంచి చూస్తే అన్నీ చదునే, ఒప్పుకుంటాను. మదీనా దగ్గర రోడ్డు దాటడానికి ఏడు నిమిషాలు. బళ్లు ఆగితేగానీ అమ్మ అడుగు వెయ్యదు, మనం అడుగు వేస్తేగానీ బళ్లు ఆగవు. చివరికి కూరగాయల బండి తోసుకుంటూ వెళ్తున్న ఒకాయన వెనకాల నక్కి దాటాం.

పత్తర్‌గట్టీ బజారులోకి వచ్చాక మాత్రం అమ్మకి హుషారొచ్చిందనుకున్నాను. షేర్వాణీల కొట్టు ముందు ఆగింది. అద్దంలో బొమ్మకి తొడిగిన బంగారు రంగు షేర్వాణీని తలుపు అంచు పట్టుకుని మరీ చూసింది. "ఎంతటా?" అని అడిగించింది. ఎవరికమ్మా అంటే, "ఊరికే, పనితనం బావుంది" అంది. సరే. ఇంకో నాలుగు కొట్లు దాటాక మళ్లీ షేర్వాణీలే. మళ్లీ ఆగింది. అక్కడ తలపాగాల పనితనం బావుందట. మా ఇంట్లో పెళ్లి కావలసిన మగపిల్లలు లేరు. మా నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు కూడా పంచె తప్ప ఎరగడు. నేను ఫోన్ చూసుకుంటూ, "అమ్మా, ఇలా ప్రతి కొట్టు ముందూ ఆగితే చౌమహల్లా మూసేస్తారు" అన్నాను. కాస్త విసుగ్గానే అన్నాను. అమ్మ ఏమీ అనకుండా నడిచింది.

మూడో షేర్వాణీ దగ్గర నాకు వెలిగింది. ఆవిడ అద్దంలోకి చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉంది. అద్దం పక్కన గోడకి ఒళ్లంతా ఆనించి, బరువంతా ఎడమ కాలి మీదకి మార్చి, కుడి మడమ కాస్త పైకెత్తి పట్టుకుంది. నేను వస్తున్న అలికిడికి కళ్లు తెరిచి, "ఇది ఎంతట?" అంది.

16 నిమిషాలట! ఎవడికయ్యా 16 నిమిషాలు? నీకా? నీకు కాళ్లున్నాయి సరే, వాటి మధ్యలో కీలు ఉందా? ఏ అమ్మని వెంటేసుకుని నడిచావు నువ్వు? "కాసేపు కూర్చుంటానే" అని ఒక్క మాట అంటే కూతురు ప్లాన్ పాడవుతుందని, అక్కర్లేని షేర్వాణీల ధరలు అడుగుతూ నిలబడ్డ మనిషిని ఎప్పుడైనా చూశావా? ఆ ఒకటింపావు కిలోమీటరులో ఆవిడ కూర్చోడానికి ఒక్కటంటే ఒక్క బల్ల లేదు. ఆ సంగతి నువ్వు చెప్పలేదు. నీకు తెలియదు. తెలియనివాడివి తెలియనట్టు ఉండాలిగానీ, 16 అని అంత ధీమాగా చెప్పడం ఎందుకు? పదిహేనూ కాదు, పదిహేడూ కాదు, పదహారు! తూకం వేసినట్టు!

మన్నించండి. మాట తూలాను. మీరు అన్న తర్వాత మీరే అనాలి.

రెండు కొట్ల అవతల అత్తరు దుకాణం పెద్దాయన మమ్మల్ని ఎంతసేపటి నుంచి గమనిస్తున్నాడో తెలీదు. లోపలి నుంచి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తెచ్చి మెట్టు మీద వేసి, పై గుడ్డతో ఒకసారి తుడిచి, "కూర్చో అమ్మా" అన్నాడు. ఏం కావాలని అడగలేదు. చాయ్ తెప్పించాడు. మీ నీలం చుక్కలన్నిటిలోకీ పనికొచ్చిన చుక్క ఆ ఎర్ర స్టూలు ఒక్కటే. మొహమాటానికి అమ్మ 250 పెట్టి మల్లె అత్తరు కొంది. జన్మలో ఎప్పుడూ రాసుకోదు. ఇప్పుడు సంచీ, బీపీ మాత్రలూ, మిగిలిన జంతికలూ అన్నీ మల్లెల వాసనే.

ఆ స్టూలు మీద కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అమ్మ చేతి గడియారం చూసుకుంది. "ఇప్పుడు కొడుతూ ఉంటాడు" అంది.

ఎవరు అన్నాను.

"మ్యూజియంలో గడ్డం వాడు. పన్నెండయిందిగా."

ఇక్కడ మీకు కొంచెం వెనక కథ చెప్పాలి. పెళ్లయిన కొత్తలో, 1976లో, అమ్మ నాన్నతో కలిసి ఆ మ్యూజియానికి వచ్చిందట. కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్ల బొమ్మల గడియారం ముందు జనం అప్పుడూ ఇలాగే గుమిగూడి ఉన్నారట. ఒక పక్కన కూర్చుని సుత్తితో సెకన్లు కొట్టే కమ్మరి, గంట అయ్యే వేళకి తలుపు తీసుకుని వచ్చే గడ్డం మనిషి. ఎంతయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. వాళ్లు వెళ్లినప్పుడు మూడయింది. టంగు టంగు టంగుమని మూడు దెబ్బలు, అయిపోయింది. ఎప్పటికైనా పన్నెండు కొట్టేటప్పుడు చూడాలని అమ్మ అప్పుడే అనుకుందట. నాన్న బస్సు టైమయిందని లాక్కొచ్చేశాడట. మొన్న శనివారం పదకొండు దెబ్బలయ్యాక అమ్మ కుర్చీలోంచి లేవకుండా, "పన్నెండు కూడా చూసి పోదామా?" అంది. చార్మినార్, ఆ తర్వాత భోజనం, ఆ తర్వాత చౌమహల్లా అని నేనే చెయ్యి పట్టుకుని లేపాను.

"మీ నాన్నా ఇంతే" అంది అమ్మ, సాసర్ కింద పెడుతూ. కోపంగా అనలేదు. అదే ఇంకా బాధ.

అక్కడి నుంచి మచ్లీ కమాన్, గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ చేరాం. 1591 నుంచి అక్కడే ఉంది, మేము గంట ఆలస్యమైతే దానికేం కాలేదు. పైకి 149 మెట్లని చెబితే అమ్మ మెడ ఎత్తి చూసి, "కిందనుంచి బానే ఉంది" అంది. నాలుగు నిమిషాలు చూసింది. అప్పుడు నేను అలవాటు కొద్దీ ఫోన్ తీసి, చౌమహల్లా ఇక్కణ్నుంచి 9 నిమిషాలేనమ్మా అన్నాను. అమ్మ మీ వైపు వేలు చూపించి, "వాడు ఎలాగూ నడుస్తూనే ఉన్నాడుగా, వాణ్ణే చూసి రమ్మను. నేను గదికి పోతా" అంది.

ఆదివారం ప్లాన్‌లోంచి గోల్కొండ కోట కొట్టేశాను. కోట పైన బాలాహిస్సార్ దాకా మూడొందల పైచిలుకు మెట్లు, ఎవరి కోసం? ఆటో మాట్లాడుకుని మళ్లీ సాలార్‌జంగ్‌కే వెళ్లాం. మళ్లీ టికెట్లు. పదకొండుంపావుకే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. ముప్పావుగంట ఏమీ చెయ్యలేదు. జంతికలు మాత్రం బయటికి తియ్యనివ్వలేదు నేను. పక్కన కూర్చున్న కరీంనగర్ ఆవిడతో అమ్మ మోకాళ్ల గురించి, కోడళ్ల గురించి, మల్లె అత్తరు గురించి మాట్లాడింది. గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చాడు. అమ్మ కుడిచేతి బొటనవేలు చిటికెన వేలి కింది కణుపు మీద పెట్టింది. ఒక్కో దెబ్బకి ఒక్కో కణుపు జరుపుకుంటూ పోయింది. చూపుడు వేలి చివరి కణుపు దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ సరిపోయాయి. ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆయనా మీలాంటి బొమ్మే సుమండీ. చెప్పిన టైముకి వస్తాడు, ఎంతయితే అంతే కొడతాడు.

అందుకని ఒక విన్నపం. మీ పక్కన ఇంకొక బొమ్మకి చోటివ్వండి. కూర్చున్న బొమ్మ. దాన్ని నొక్కితే నిమిషాలూ మీటర్లూ వద్దు. దారిలో అరుగులెన్ని, నీడ ఎక్కడ, బల్లలెన్ని, స్టూలు వేసే అత్తరు కొట్లు ఎన్ని, అది చెబితే చాలు. మా ఊళ్లో దూరం అలాగే చెబుతారు. 'రావిచెట్టు దగ్గర ఓసారి కూర్చుంటే వచ్చేస్తుంది' అంటారు. అలా చెప్పిన దారిలో మా అమ్మ ఎప్పుడూ షేర్వాణీ ధర అడగలేదు.

ఇట్లు,
తమ మాట నమ్మి చెడిన,
తెనాలి ఆవిడ కూతురు

తా.క.: ఈ ఉత్తరం రాసి పక్కన పెట్టి వారమైంది. నిన్న అమ్మ ఫోన్ చేసి, ఆ నడిచే అబ్బాయి తన ఫోన్లో ఎక్కడుంటాడని అడిగింది. ఎక్కడ నొక్కాలో చెప్పాను. ఇంటి నుంచి శివాలయానికి అడిగి చూసుకుందట. ఆరు నిమిషాలన్నారట మీరు. "నాకు పోను అరగంట పడుతుంది. ఆరు నిమిషాలంటే దారిలో ఎవరినీ పలకరించడు కాబోలు. ఎవరూ లేరేమో పాపం వాడికి" అంది.