ఉగ్గుగిన్నె మీద ఆఠాధ్య

మా బావకి ఏ సరదా పట్టినా ముందు సామాను వస్తుంది, తర్వాత పని వస్తుంది. ఒక్కోసారి పని రాకుండానే సరదా వెళ్లిపోతుంది, సామాను మాత్రం అటకెక్కుతుంది. వేణువు, టెలిస్కోపు, కేకుల ఓవెన్, బోన్సాయ్ కత్తెరలు అన్నీ రాజమండ్రిలో మా అక్కావాళ్ల అటక మీద వచ్చిన వరసలోనే ఉన్నాయి. అందుకే వెండి మీద నగిషీ పని నేర్చుకుంటానని బావ ప్రకటించినప్పుడు అక్క ఒక్క మాట కూడా అనలేదు. స్టూలు వేసుకుని అటక మీద కాస్త చోటు చేసింది.

ఈ పురుగు తిరుమలలో కుట్టింది. దర్శనం అయ్యాక మ్యూజియానికి వెళ్లి, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు చూశాడు. 16వ శతాబ్దంలో తాళ్లపాకవారు చెక్కించిన రేకులు అవి. 12 వేలకు పైగా కీర్తనలు మనకి ఇవాళ దొరికాయంటే వాటి చలవే. బావ భక్తి మాట ఎలా ఉన్నా లెక్క మాత్రం బాగా పట్టింది.

"ఒరేయ్, కరెంటు లేదు, భూతద్దం లేదు, చేత్తో వేల కీర్తనలు చెక్కేశారు. నా మనవరాలి పేరు మూడంటే మూడు అక్షరాలు. నేను చెక్కలేనా?" అన్నాడు నాతో.

లెక్క ప్రకారం సబబుగానే ఉంది కాబట్టి నేనూ తలూపాను.

మనవరాలంటే మా మేనకోడలి కూతురు. పురిటికి పుట్టింటికొచ్చింది, పండంటి ఆడపిల్ల. కృత్తిక మొదటి పాదం కాబట్టి అకారంతో పేరుండాలన్నారు, ఆరాధ్య అనుకున్నారు. బారసాలకి తాతగారి తరఫున వెండి ఉగ్గుగిన్నె, దాని మీద పాప పేరు. స్టీలు సామాన్ల షాపులో అయితే కరెంటు పెన్నుతో జుయ్యిమని అయిదు నిమిషాల్లో రాసేస్తారు, అదీ ఫ్రీగా. ఆ మాటే అక్క అంది. బావ మొహం అదోలా పెట్టాడు. "అది చుక్కలు పొడవటం. ఇది లోహాన్ని తొలవటం. తేడా తెలుసుకో" అన్నాడు.

తేడా ఉన్న మాట నిజమే. కరెంటు పెన్ను గిన్నెని పైపైన గిల్లి వదిలేస్తుంది. చేతి ఉలి అలా కాదు, ముందుకి తోస్తుంటే సన్నటి తీగలా లోహం చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తుంది, వెనక మెరిసే గాడి మిగులుతుంది. వీడియోల్లో చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. వీడియోల్లో బొటనవేళ్లు కూడా నున్నగా, ఒక్క గాటు లేకుండా ఉంటాయి. అసలు మోసం అంతా అక్కడే ఉంది.

ఆన్‌లైన్‌లో పెట్టె వచ్చింది. అరచేతిలో ఇమిడే పుట్టగొడుగు పిడి, దానికి బెత్తెడు ఉక్కు కడ్డీ. కొన చతురస్రంగా ఉండేది ఒకటి, చప్పటిది ఒకటి, సూదిగా ఉండేది ఒకటి. తీరా చూస్తే ఇవి వచ్చిన రోజునే పనికి రావట. కొనని 45 డిగ్రీల వాలుకి నూరుకోవాలి, కింది అంచుని మళ్లీ ఇంకో వాలుకి నూరాలి, ఆపైన అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాలి. బావ పొద్దున్నే సానరాయి ముందు కూర్చుంటే ఆఫీసు టైముకి లేచేవాడు. నగిషీ పని అంటే ముప్పాతిక వంతు నూరడమేనని నాకు అప్పుడు అర్థమైంది. ఈ సంగతి ముందే చెబితే ఎవడూ పెట్టె కొనడని కాబోలు, అమ్మేవాళ్లు చెప్పరు.

పదును వచ్చిందో లేదో చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. ఉలి కొనని బొటనవేలి గోరు మీద ఊరికే ఆనించాలి. పట్టుకుంటే పదునున్నట్టు, జారితే లేనట్టు. బావ ఆ వారాల్లో ఎవరితో మాట్లాడుతున్నా గోరు చూసుకుంటూనే మాట్లాడేవాడు. ఎడమచేతి గోళ్లన్నీ చారలు పడ్డాయి. ఆఫీసులో ఎవరో చూసి, విటమిన్లు తక్కువేమో చూపించుకోమన్నారట.

నేర్చుకోవడం రాగితో మొదలెట్టాలంటారు, మెత్తగా ఉంటుందని. పూజగదిలో రాగిచెంబు మాయమైంది. తర్వాత స్టీలు పళ్లెం మీద పడ్డాడు కానీ అది లొంగలేదు, ఉలి సర్రున జారిపోయింది. ఆ తర్వాత రూపాయి బిళ్ల మీద లత చెక్కబోతుంటే మా మేనకోడలు ఫోన్ తెచ్చి 2011 నాణేల చట్టం చదివి వినిపించింది. నాణేలని పాడుచేస్తే నేరమట. బావ బిళ్ల జేబులో పెట్టుకున్నాడు. ఆ బిళ్ల తర్వాత కూరగాయల సంచీలో తేలింది, దాన్ని తీసుకునే కొట్టువాడు మాత్రం తేలలేదు.

నిలువు గీతలు, అడ్డ గీతలు చప్పున వచ్చేశాయి. చిక్కేమిటంటే తెలుగులో గీత అన్నది లేదు. తాటాకు మీద గంటంతో తిన్నటి గీత గీస్తే ఆకు చీలిపోతుందని మనవాళ్లు అక్షరాలన్నీ గుండ్రంగా తిప్పుకున్నారంటారు. తాటాకు బతికిపోయింది. ఇంగ్లీషువాడు ఏ, ఎల్, టీ అని మూడు కర్రలు పడేసి చేతులు దులుపుకుంటాడు. మనకి 'ఆ' ఒక్కటి పూర్తయ్యేసరికి కన్నీళ్లొస్తాయి.

గుండ్రం తిప్పేటప్పుడు ఉలిని తిప్పకూడదు, గిన్నెని తిప్పాలి. దానికి బాల్ వైజ్ అని ఇనప గుండు దొరుకుతుంది, ధర చూసి బావ కళ్లు మూసుకున్నాడు. గిన్నె నిండా లక్క కరిగించి పోసి, గట్టిపడ్డాక కొబ్బరిచిప్పలో పక్కవాటుగా ఇరికించి, ఆ చిప్పని మా అమ్మమ్మ నాటి చుట్టకుదురు మీద పెట్టాడు. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆ తెలివికి నేను నిజంగానే మెచ్చుకున్నాను. లక్క కాగిన వాసనకి మాత్రం బాలింత గది కిటికీలు రెండు రోజులు తెరిచి పెట్టాల్సొచ్చింది.

గిన్నె బొజ్జ మీద తెల్ల పోస్టర్ కలర్ పలచగా అద్దాడు, ఆరాక పెన్సిల్‌తో ఆరాధ్య అని రాసుకున్నాడు. నా పని టార్చి పట్టుకోవడం. 'ఆ' ఒక సాయంత్రం పట్టింది. మధ్యలో ఒకసారి ఉలి జారి బొటనవేల్లో దిగింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. అక్షరం అక్కడక్కడా వణికినా, తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా 'ఆ' అనే అంటారు.

'రా' కి సున్న చుట్టాలి. సగం చుట్టాడు, బాగానే వస్తోంది. అప్పుడే లోపల పాప ఏడిచింది. బావ తల అటు తిరిగింది, చేయి లేచింది, ఉలి నిటారైంది. చిప్ప ఒక పక్కకి, ఉలి ఇంకో పక్కకి. కొన సున్న మధ్యలోకి వచ్చి దిగబడి, టక్కుమంది. ఉలి చేతిలోకి వచ్చింది, కొన రాలేదు. సున్న నడిబొడ్డున ఆవగింజలో సగం ఉండే నల్లటి ఉక్కు ముక్క వెండిలో కూరుకుని ఉంది.

గుండుసూదితో పొడిచాడు. ఫ్రిజ్ తలుపుకి ఉన్న అయస్కాంతం తెచ్చి ఆనించాడు, గిన్నె కూడా లేచి వస్తుందేమో అన్నంత ఆశగా. కొన కదల్లేదు. సరే, తర్వాత చూద్దామని మిగిలిన సున్న చుట్టి, దీర్ఘం ఇచ్చి, 'ధ్య' కూడా ఎలాగో లాగించాడు. రంగు తుడిచి మా మేనకోడలికి చూపించాడు.

అది గిన్నెని దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా చూసింది. "నాన్నా, ఆఠాధ్య ఎవరు?" అంది.

నిజమే. రేఫ కడుపులో చుక్క పడితే ఠకారమేగా. బావ కాసేపు గిన్నెని చూసి, లేచి వెళ్లి పంచాంగం తెచ్చాడు. "పూ, ష, ణ, ఠ. హస్తా నక్షత్రం నాలుగో పాదానికి ఠకారం శాస్త్రంలోనే ఉందే!" అన్నాడు, ఏదో దారి దొరికినట్టు.

"మన పిల్ల పుట్టింది కృత్తికలోనండీ" అంది అక్క. "పైగా వియ్యపురాలు తెలుగు టీచరు."

ఆ రెండో మాటకి బావ పంచాంగం మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆచారిగారి దగ్గరికి వెళ్లాం. వీధి చివర చిన్న కొట్టు, కింద చాప, ముందు కుంపటి. ఆయన గిన్నె తిప్పి చూశారు, ఏమీ అడగలేదు. బొటనవేలి కట్టు చూశారు, అప్పుడు కూడా ఏమీ అడగలేదు. ముందు సన్నసెగ మీద వెచ్చచేసి లక్క ముద్దని ముద్దగా దించేశారు. తర్వాత పక్కన పొట్లంలోంచి పటిక తీసి నీళ్లలో వేసి కుంపటి మీద పెట్టి, అందులో గిన్నె పడేశారు.

"ఇదేంటండీ?" అన్నాడు బావ.

"పటిక ఉక్కుని తింటుందండీ బాబుగారూ. వెండి జోలికి రాదు."

ఉక్కు కొన చుట్టూ చిన్న చిన్న బుడగలు లేవడం మొదలైంది. అలా సలసల మరుగుతుండగా మేం టీ తాగొచ్చాం, భోజనం చేసొచ్చాం. సాయంత్రానికి కొన కరిగిపోయి నల్లటి మసి మిగిలింది, దాన్ని ఆయన బ్రష్షుతో తోసేశారు. గొయ్యి మాత్రం అలాగే ఉంది. గీకి నున్నచేస్తే రేకు పలచబడి బొక్క పడుతుందన్నారు.

"మరి ఠకారం?" అన్నాను నేను.

ఆయన పాత ఆకురాయి ముక్కని అరగదీసి చేసుకున్న పోగర ఒకటి తీశారు, చిన్న సుత్తి తీశారు. అక్షరాల చుట్టూ, అక్షరాల లోపల, సందు దొరికిన చోటల్లా టిక్కు టిక్కుమని చుక్కలు కొట్టుకుంటూ పోయారు. పెన్సిల్ గీత లేదు, కొలత లేదు, మధ్యలో ఎవరో గాజులు అడిగితే మాట్లాడుతూనే కొట్టారు. కాసేపటికి గిన్నె బొజ్జ అంతా సన్నటి చుక్కల నేల అయిపోయింది, అందులోంచి అక్షరాలు నున్నగా పైకి తేలాయి. బావ గొయ్యి ఎక్కడుందో నేనే వెతుక్కోవలసి వచ్చింది. వణికిన 'ఆ' కూడా కావాలని వణికించినట్టే ఉంది.

"ఉలి పట్టు బాగానే ఉందండి, చెవులే కాస్త చూసుకోవాలి" అన్నారు ఆచారిగారు గిన్నె చేతికిస్తూ. పాప ఏడ్చిన సంగతి మేం ఆయనకి చెప్పనే లేదు.

బారసాల నాడు వియ్యపురాలుగారు గిన్నెని వెలుగులోకి పట్టుకుని చూశారు. నాకు టెన్షన్, బావకి చెమటలు. ఆవిడ మూడు అక్షరాలూ వరసగా చదివారు. "చుక్కల పని ఎంత బావుందండీ అన్నయ్యగారూ! మీరే చేశారా?"

"స్టిప్లింగ్ అంటారండి దాన్ని. నేల కాస్త గరుగ్గా ఉంటే అక్షరం లేస్తుంది" అన్నాడు బావ, కట్టు కట్టిన బొటనవేలు అందరికీ కనిపించేలా గాల్లో తిప్పుతూ. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది, నవ్వు ఆపుకోలేక.

అంతటితో అయిపోయేదే. కానీ కాకినాడ నుంచి వచ్చిన బావ మేనత్తగారు ఆ గిన్నె చూసి మనసు పారేసుకున్నారు. వచ్చే నెల మావయ్యగారికి ఎనభై ఏళ్లు నిండుతాయట, వెండి కంచం చేయించారట. "దాని మీద మీ మావయ్య పేరు నీ చేత్తోనే చెక్కాల్రా నాన్నా. పూర్తి పేరు. వెంకట సత్య సుబ్రహ్మణ్య లక్ష్మీనరసింహ ప్రసాదరావు."

బావ పెదాలు కదుపుతూ, వేళ్ల మీద వత్తులు లెక్కపెట్టుకోవడం నేను చూశాను. సత్యకి ఒకటి, సుబ్రహ్మణ్యకి మూడు, లక్ష్మికి ఒకదాని కింద ఒకటి. అక్కడ ఆగిపోయాడు.

"అత్తా, నువ్వు మావయ్యని మామూలుగా ఏమని పిలుస్తావు?"

"పేరు పెట్టి పిలుస్తానట్రా? ఏవండీ అంటాను."

"ఏవండీ... ఒక్క వత్తు కూడా లేదు" అన్నాడు బావ. "అదే చెక్కేస్తాను."