జెండా ఎవరిది మాస్టారూ?

మా బాబాయి రిటైరైన తెలుగు పండితుడు. ఆయన ఇంటి ముందు కరెంటు స్తంభానికి ఎవరో వెదురు కర్ర కట్టి జెండా ఎగరేశారు. సభ ముగిసింది, నాయకుడు వెళ్లిపోయాడు, జెండా మాత్రం ఉండిపోయింది. ఆ తర్వాత మరో పార్టీ సభ జరిగింది. వాళ్లు పాతది విప్పే ఓపిక లేక, దాని మీదే తమది కట్టారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ప్రకాశం జిల్లాలో వాన మొహం చూసేది అప్పుడే కదా. కాస్త తెరిపి ఇచ్చిందని పిన్ని ప్రహరీ మీద బట్టలు ఆరవేస్తే, పైనుంచి రెండు పార్టీల రంగులూ కలిసి బాబాయి గ్లాస్కో పంచె మీదకు కారాయి. ఎన్నికల్లో కుదరని పొత్తు పంచె మీద కుదిరింది. నిమ్మకాయ, ఉప్పు, సబ్బు అన్నీ అయ్యాయి. మరక ఇంకాస్త స్థిరపడింది.

బాబాయి పంచె మడిచి సంచిలో పెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు. స్తంభం విద్యుత్ శాఖది, అక్కడికి వెళ్లమన్నారు. విద్యుత్ శాఖవాళ్లు స్తంభం తమదే గాని, దాని మీది వీధి దీపమూ జెండా గొడవా మున్సిపాలిటీవన్నారు. రోడ్డు తమదని ఒప్పుకున్న ఆర్ అండ్ బీ ఉద్యోగి, కర్ర మొదలు మురుగుకాలువలో ఉందని కనిపెట్టాడు. కాలువ మున్సిపాలిటీది. తిరిగి అక్కడికే.

ఈసారి పంచె బల్ల మీద పరిచారు. గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని, "ఇది తాంబూలం మరకలా ఉందే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జెండా ఏ పార్టీది మాస్టారూ?" అని అడిగాడు.

"అది చూసి తీస్తారా?"

"అధికార పార్టీదైతే అడగకుండా ఎందుకు తీశారంటారు. ప్రతిపక్షానిదైతే కక్ష సాధింపు అంటారు. రెండూ ఉన్నాయంటే ఇద్దరూ వస్తారు."

బహిరంగ స్థలాల రూపు చెడగొట్టడాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. చట్టానికేం, ఉంది. నిచ్చెనే లేదు. అదే ఎన్నికల షెడ్యూలు వెలువడనివ్వండి. ప్రభుత్వ కార్యాలయాల్లోవి 24 గంటల్లో, బస్టాండ్లు, కరెంటు స్తంభాల వంటి చోట్ల ఉన్నవి 48 గంటల్లో, అనధికారంగా ప్రైవేటు గోడలెక్కినవి 72 గంటల్లో దిగిపోవాలి. అప్పుడు నిచ్చెనే కాదు, విగ్రహాలకు ముసుగులు కూడా దొరుకుతాయి. కానీ పంచె కోసం ఎన్నికలు పెట్టరు కదా.

బాబాయి సోమవారం ఒంగోలు బస్సెక్కి, కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాడు. అర్జీలో పండితుడి చేయి పడింది. జెండా రెపరెపలకు ఉపమాలంకారం, మరకకు ఉత్ప్రేక్ష. కొన్నాళ్లకు ఫోనుకు సందేశం వచ్చింది, సమస్య పరిష్కారమైందని. బయటికి వచ్చి చూస్తే జెండాలు రెండూ హాయిగా ఎగురుతున్నాయి. మళ్లీ అర్జీ, ఈసారి అలంకారాలు లేకుండా.

చివరికి ఒక ఉదయం ఇద్దరు కార్మికులు నిచ్చెనతో వచ్చి గుడ్డలు రెండూ కోసుకుని దిగారు. బాబాయి వాళ్లకు కాఫీ ఇప్పించి, పైకి చూసి ఆగాడు.

"కర్ర వదిలేశారేమయ్యా?"

"అర్జీలో జెండా అనే ఉంది సార్, కర్ర అని లేదు" అన్నాడు పెద్దవాడు, నిచ్చెన భుజానికెత్తుకుంటూ. "ఇంతకీ ఈ కర్ర ఏ పార్టీవాళ్లది సార్?"