సందేశ నవలలో ఎదుటివాడి వాటా

విశాఖపట్నంలో సాహిత్య సభలకు వెళ్లేవారికి ఒక వాదన బాగా పరిచయం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఏ నవల మీద చర్చ జరిగినా, ఇందులో సందేశం ఏమిటని ఒకరు అడుగుతారు. సందేశమే కావాలంటే కరపత్రం చాలదా అని మరొకరు అంటారు. ఈ నగరంలో ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు విద్యార్థులు ‘రచయితలారా, మీరెటువైపు?’ అని కరపత్రం పంచింది ఇక్కడే. అదే ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది.

నవలలో సందేశం ఉండడం దోషమని నేను అనుకోను. తెలుగు నవల తొలి అడుగులే సంస్కరణ బాటలో పడ్డాయి. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా వచ్చింది. మూఢనమ్మకాల మీద అందులోని హితబోధను నేటి పాఠకుడు త్వరగా దాటిపోవచ్చు గాని, బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి ఇంట్లోని బంగారం, వెండి తెచ్చి అతని ముందు పెట్టిన రాజశేఖరుడి ఆశను మాత్రం దాటలేడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. ఆయన జైలులో ఉండగా రాసిన ఈ నవల 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పుస్తకంలో సందేశం తప్ప మరేదీ చూడని పాఠకుడు ప్రభుత్వమే కాబోలు. మామూలు పాఠకుడు మాత్రం మనుషుల వెంట నడుస్తాడు. రామదాసు భక్తుడు, ఓర్పుగలవాడు. ఒక కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య కొట్టి చంపితే, మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. రచయిత మనసు రామదాసు వైపే ఉందని నాకు అనిపిస్తుంది. అయినా జగ్గడి కోపాన్ని ఆయన చిన్నది చేయలేదు, దానికి కారణాలను దాచలేదు. అందుకే ఓర్పు గొప్పదా, తిరుగుబాటు గొప్పదా అన్న తగవు పుస్తకం మూసేశాక కూడా పాఠకుడి మనసులో తెగదు.

గ్రంథాలయాల్లో సందేశ నవలల పాత ప్రతులు తిరగేస్తే, ఉపన్యాసాలున్న పేజీల్లో పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. ‘ఈ నవల సందేశాన్ని వివరించండి’ అన్న పరీక్ష ప్రశ్న గీయించిన గీతలవి. మనుషులు కొట్లాడుకునే, భయపడే, అప్పులు చేసే పేజీల్లో గీతలు ఉండవు, కాని చేతులు పడి అంచులు నలిగిపోయినవి ఆ పేజీలే. చదువు చెప్పే పద్ధతి గీతలనే చూడమంటోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఈ నగరంలోనే వకీలుగా బతికిన రావిశాస్త్రి, రచయిత తన రాత ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడుకు మేలు చేస్తుందో ఆలోచించుకోవాలని నమ్మినవాడు. అంత స్పష్టమైన నమ్మకమున్న మనిషి రాసిన ‘అల్పజీవి’లో సుబ్బయ్య అనే గుమాస్తా భయం తప్ప ఉపదేశం కనిపించదు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, తనను ఎవరో చూస్తున్నారన్న భయం. రచయిత అతని బుర్రలోకి దూరి, ఒక ఆలోచన ఇంకో ఆలోచనను తరుముతున్న తీరు చూపిస్తాడే గాని, ధైర్యంగా ఉండమని ఒక్క మాట చెప్పడు. బలవంతుల లోకం బలహీనుణ్ని ఎలా తయారు చేస్తుందో పాఠకుడు తనంతట తానే పట్టుకుంటాడు. అలా పట్టుకున్నది ఎవరో చెప్పినదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

విశాఖ నుంచి రావలసిన నవలలు ఇంకా ఉన్నాయి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ల కథనే తీసుకుంటే, నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు, అంటే ఆర్ కార్డు, చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడి తరఫున రాయడం న్యాయమే. అయితే అదే ఊళ్లో ఉద్యోగం దొరికి, క్వార్టర్స్‌లో పిల్లల్ని చదివించుకుని, ప్లాంటును కన్నతల్లిలా చూసుకునే పొరుగువాడు కూడా ఉంటాడు. అతని కృతజ్ఞతను ద్రోహంగా చిత్రించడం సులువు. అతని మాటను కూడా పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత కూడా భూమి పోయినవాడి ప్రశ్నను నిలబెట్టగలిగిన నవల కోసం నేను చూస్తున్నాను.